వాస్వా తినని వంటలు

ఈసారి వాస్వా కడుపునొప్పి అన్నాడు.

లుకాయా బజారులో, బస్సులు ఆగే చోటికి వెనకాల, రేకుల కప్పు కింద ఉన్న పూటకూటి ఇల్లు అది. వంటావిడ అరిటాకు మూట తెచ్చి అతని ముందు పెట్టి విప్పింది. వేరుశనగ పులుసులో ఉడికిన పుట్టగొడుగులు. ఆవిరి అతని కళ్లద్దాలకి పట్టింది. అతను అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, ఆ తరవాత మూటని ఒక వేలితో పక్కకి జరిపాడు.

"పొద్దుట్నుంచీ కడుపులో నొప్పిగా ఉంది," అన్నాడు.

"పొద్దున్న కాల్చిన అరటిపళ్లు నాలుగు తిన్నావు. అప్పుడు లేదా నొప్పి?" అంది బాబిర్యే.

"అవి తిన్నాకే వచ్చింది."

వంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా పుట్టగొడుగులు తిన్నవాళ్లెవరికీ ఇంతవరకూ నొప్పి రాలేదు సెబో. తినకుండా వచ్చినవాణ్ని నిన్నే చూడటం." సెబో అంటే అయ్యగారూ అని; ఆవిడ గొంతులో మాత్రం ఆ మర్యాద లేదు.

"క్షమించు న్యాబో. వాసన చాలా బాగుంది."

"వాసనకి పళ్లెం ఎందుకు? ముందే చెబితే గుమ్మంలో నిలబెట్టేదాన్ని కదా," అంటూ ఆవిడ మూట ఎత్తుకుపోయింది.

బాబిర్యే తన పళ్లెంలోని మాంసం ముక్కని అవసరమైనదానికన్నా గట్టిగా కొరికింది. వాస్వా వెంటనే హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకుని మైకు ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. నమిలే చప్పుడు అతనికి కావాలి. తిండి మాత్రం అక్కర్లేదు.

ఏడు నెలలుగా ఇదే వరస. కంపాలా రేడియోలో శనివారం వచ్చే 'దారి పొడవునా' అనే ప్రోగ్రాం వాళ్లిద్దరిదీ. ఊరూరా తిరిగి రోడ్డు పక్కన దొరికేవన్నీ ఆమె తింటుంది, తింటూ మాట్లాడుతుంది. అతను కారు నడుపుతాడు, రికార్డు చేస్తాడు. ఏడు నెలల్లో అతను తిన్నవి నాలుగే నాలుగు: మటోకే అనే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు, అరటిపళ్లు, కోడి. చేప పెడితే ముల్లు భయం అన్నాడు. గొర్రె మాంసం వాసన పడదన్నాడు. ఆవు మాంసానికి పన్ను కదులుతోందన్నాడు. ఆ కదిలే పన్ను ఏడు నెలలుగా కదులుతూనే ఉంది. కంద తింటే దురద, అలసందలు తింటే ఉబ్బరం. ఒకసారి అలసందలకి దురద, కందకి ఉబ్బరం అని తారుమారుగా కూడా చెప్పాడు. ఆడే అబద్ధాన్నైనా శ్రద్ధగా ఆడని మనిషి.

ఒకరిమీద ఇంత విసుగు రావాలంటే రోజంతా వాళ్లనే గమనిస్తూ ఉండాలి. ఆ సంగతి బాబిర్యేకి తెలుసు. తెలిసినందుకు తనమీద తనకే ఇంకాస్త విసుగు.

అసలు ఆమెకి కావలసింది అతను తినటం కాదు, అతని గోత్రం. గొర్రె గోత్రంవాళ్లు గొర్రెని తినరు, కంద గోత్రంవాళ్లు కందని తవ్వినా నోట పెట్టరు. పుట్టగొడుగు గోత్రంలో పుట్టిన బాబిర్యే ఇరవై ఆరేళ్లలో పుట్టగొడుగు రుచి ఎరగదు. ఇద్దరిదీ ఒకే గోత్రమైతే వాళ్లు అన్నాచెల్లెళ్లే, ఇంక మాట్లాడటానికేం లేదు. మామూలుగా పేరు వింటేనే గోత్రం తెలిసిపోతుంది. కవలల దగ్గరే చిక్కు. ఏ గోత్రంలో పుట్టినా కవలల్లో పెద్దపిల్ల బాబిర్యే, పెద్దవాడు వాస్వా. ఇద్దరూ ఆ పేర్ల వెనక హాయిగా దాక్కుని ఉన్నారు.

అడగొచ్చు. కానీ ఆడపిల్ల మగవాణ్ని నీ గోత్రం ఏమిటని అడిగిందంటే, నిన్ను చేసుకుందామనుకుంటున్నాను, అడ్డేమైనా ఉందా అని అడిగినట్టే. ఆ ప్రశ్నకి ఆ దేశంలో ఇంకో అర్థం లేదు. అందుకే ఒక్కొక్క వంటకమే అతని ముందు పెడుతూ వచ్చింది. ఏది వద్దంటే అదే అతని గోత్రం అని లెక్క. ఈ మనిషి అన్నీ వద్దన్నాడు.

ఫోను మోగింది. మేనత్త.

"రేపు నిన్ను అడగటానికి ఆ ఇంజినీరు వాళ్లు బుట్టలతో వస్తామంటున్నారు," అంది మేనత్త ఉపోద్ఘాతం లేకుండా. "రమ్మననా, వద్దననా?"

"సెంగా, ఇంకొక్క వారం ఆగమను."

"ఆగమనాలంటే నా దగ్గర ఓ కారణం ఉండాలి. ఆ కారణానికి ఓ గోత్రం ఉండాలి. ఇవాళ పొద్దుగూకేలోపు చెప్పు. లేదంటే నేను రేపు మటోకే తొక్క తీయించటం మొదలుపెడతాను."

ఫోను పెట్టేసి చూస్తే వాస్వా తల వంచుకుని రికార్డర్ తీగలు చుడుతున్నాడు. ఆ తీగలు అప్పటికే చుట్టి ఉన్నాయి.

*

వాన అడక్కుండా వచ్చింది. అప్పుడు వాళ్లు అనాస పళ్లతో అల్లం వేసి కాచిన పానీయం అమ్మే బండి దగ్గర ఉన్నారు. వాస్వా చప్పున గొడుగు తెరిచాడు. బాబిర్యే ఒక అడుగు దగ్గరికి జరిగింది. అతను ఆ గొడుగుని రికార్డర్ మీద పట్టాడు.

ఆమె కుడి భుజం తడిసింది. తరవాత ఎడమది కూడా తడిసింది.

"అది తడిస్తే పాడైపోతుంది," అన్నాడు అతను సంజాయిషీగా.

"మరి నేను?"

"నువ్వు ఆరిపోతావు."

అనాస పానీయం మాత్రం రెండు గ్లాసులు తాగాడు. తాగేవాటి దగ్గర అతనికి ఏ రోగమూ ఉండదు. మూడో గ్లాసు తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టి, "అల్లం ఎక్కువ వెయ్యమన్నాను, తడిశావు కదా," అన్నాడు. దానితో ఆమె కోపానికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. గ్లాసు వేడిగా ఉంది. పట్టుకుని చాలాసేపు తాగకుండా నిలబడింది.

వాన సన్నబడేసరికి మిడతలు అమ్మే ఆడవాళ్ల పంచ దగ్గరికి వెళ్లారు. నవంబరు నెల. రాత్రి పట్టిన మిడతలు ప్లాస్టిక్ బేసిన్లలో పచ్చగా గుట్టలు పోసి ఉన్నాయి. ఆరుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని రెక్కలూ కాళ్లూ తుంపుతున్నారు. పొయ్యి మీద ఉల్లిపాయతో కలిపి వేగుతున్నవి చిటపటమంటున్నాయి. వాస్వా మైకుని పొయ్యి వైపు సాచాడు. ఎర్ర దీపం వెలిగింది.

"ఈ రేడియో అబ్బాయి నీ ఆయనేనా?" అంది అందరిలోకీ పెద్దామె.

"కాదు," అంది బాబిర్యే.

"అయితే ఇంకా మంచిది. పెళ్లాం మిడతలు తెచ్చి పెడితే మొగుడు ఆమెకి పాదాల దాకా ఉండే గోమెసి గౌను కొనివ్వాలి. పెళ్లికి ముందే తినిపించావనుకో, పట్టు గోమెసి వస్తుంది."

"చేతులు చూస్తే ఇచ్చేవాడిలాగే ఉన్నాడు," అంది ఇంకొకామె.

"నోరు చూస్తే తినేవాడిలా లేడు," అంది మూడో ఆమె.

బాబిర్యే ఆకు దొన్నెలో వేడి మిడతలు తీసుకుంది. వాస్వా ముందుకు చాపింది. ఇది ఆఖరిది. ఇది తింటే కనీసం ఒక గోత్రమైనా లెక్కలోంచి కొట్టేయొచ్చు. అతను దొన్నె వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

"పన్ను," అన్నాడు.

"పొద్దున్న కడుపు, ఇప్పుడు పన్ను. సాయంత్రానికి మోకాలా?"

"నిజంగానే, వెనక పన్ను..."

"మొన్న ముందు పన్నన్నావు. చేపకి ముల్లంటావు, ముల్లు తీసిన చేపకి వాసనంటావు. నాతో ఏడు నెలలుగా తిరుగుతున్నావు, ఏం తింటావో తెలియదు, ఏం తినవో తెలియదు. అసలు నీ గోత్రం ఏమిటి?"

రెక్కలు తుంపుతున్న పన్నెండు చేతులూ ఆగిపోయాయి.

తనేం అడిగిందో బాబిర్యేకి అప్పుడు వినబడింది. కోపంలో మనిషి లోపలి తలుపులన్నీ వేసుకుంటాడంటారు. ఆమెకి మాత్రం ఏడు నెలలు గడియ వేసి ఉంచిన తలుపు ఆ కోపంతోనే తెరుచుకుంది.

"అడిగేసింది," అంది రెండో ఆమె నెమ్మదిగా.

"ఆరుగురం విన్నాం," అంది పెద్దామె. "చెప్పు నాయనా. పొయ్యి మీద మాడిపోతున్నాయి."

ఆ ప్రశ్న వాస్వాకి హెడ్‌ఫోన్స్‌లో రెట్టింపు గట్టిగా వినబడి ఉంటుంది. అతను వాటిని తీసి మెడకి తగిలించుకున్నాడు. అతని ముఖంలో ఎప్పుడూ ఉండే సాకు ఈసారి లేదు.

"తెలియదు," అన్నాడు.

ఆమె డబ్బులిచ్చి, దొన్నెలోవి పొట్లం కట్టించుకుని, సంచిలో వేసుకుని కారు దగ్గరికి నడిచింది. అంత అవమానంలోనూ పొట్లం వదలనందుకు దారిలో తనని తనే తిట్టుకుంది.

*

కారెక్కి బాబిర్యే తడి సంచిని ఒళ్లో పెట్టుకుంది.

"గోత్రం తెలియని మనిషి ఉంటాడా?" అంది బాబిర్యే. "ఇష్టం లేదని చెప్పు. ఆ మాటకి పన్ను అడ్డం రాదు కదా."

"నిజంగా తెలియదు." అతను స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు, కారు ఆగి ఉన్నా. "మేం పుట్టినప్పుడు నాన్నవాళ్ల మనుషులు కవలల్ని తమ గోత్రంలోకి చేర్చుకునే నాట్యానికి రాలేదు. అమ్మ ఎదురుచూసింది. వండి పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు, నాన్న కూడా రాలేదు. తరవాత కొన్నాళ్లకి తమ్ముడు కాటో ఎగిరిపోయాడు."

కవలల్లో ఒకరు పోతే పోయారనరు, ఎగిరిపోయారంటారు. బాబిర్యే చెయ్యి తెలియకుండానే ఫోను మీదికి వెళ్లింది. అందులో ఆమె చెల్లెలు నకాటో పొద్దున్న పంపిన పిచ్చి జోకు ఇంకా అలాగే ఉంది.

"పదకొండేళ్లప్పుడు అడిగాను, మనది ఏ గోత్రం అని. వాళ్ల పేరు నా నోటితో పలకను, నువ్వు పిల్లని తెచ్చిన రోజు చూద్దాం అంది. ఇంక అడగలేదు."

"అందుకని?"

"అందుకని ఏ గోత్రానికీ చెందనివి తప్ప ఏదీ తినలేదు. ఏది నాదో తెలియనప్పుడు అన్నీ నావే కావచ్చు కదా."

బాబిర్యే అతని వైపు పూర్తిగా తిరిగింది. జాలి పడాలో తల బాదుకోవాలో తేలలేదు. "పద్దెనిమిదేళ్లు," అంది. "పద్దెనిమిదేళ్లు చేపలూ మాంసం వదిలేశావు గానీ అమ్మ దగ్గరికెళ్లి ఒక్క ముక్క అడగలేకపోయావు."

"పిల్లని తెమ్మంది కదా. తీసుకెళ్లడానికి పిల్ల ఉండాలిగా."

"ఏడు నెలల్నుంచీ ఈ సీట్లో కూర్చున్నది ఎవరు? రికార్డరా?"

అద్దం మీద నీళ్లు తుడిచే పుల్ల రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది.

"నీది పుట్టగొడుగు," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"టేపులు. ఏడు నెలల టేపుల్లో నువ్వు నమిలిన ప్రతి చప్పుడూ నాకు తెలుసు. చెరకు తెలుసు, ఎముక తెలుసు. పుట్టగొడుగు లేదు." గొంతు సవరించుకున్నాడు. "నాదీ అదే అయితే? తెలియనంతవరకూ నీ పక్కన కూర్చోవచ్చు. తెలిశాక ఈ సీటు కూడా పోతే?"

ఇంతసేపూ అతని భయానికి పిరికితనమని పేరు పెట్టుకుంది. అదే భయం తన సంచిలోనూ పొట్లం కట్టి ఉందని ఆమెకి ఇప్పుడు తోచింది. తనూ ఏడు నెలలు అడగకుండా వంటలు పెట్టింది, అతను అడగకుండా వంటలు తోసేశాడు. ఇద్దరూ ఒకే పని చేశారు. అయితే ఆమె కాస్త రుచిగా చేసింది.

"మీ అమ్మ ఊరు ఇక్కడికి ఎంత దూరం?"

"మసాకాకి ఇవతలే. అరగంట."

"నడుపు."

"ఇప్పుడా? ముందు చెప్పకుండా..."

"మీ అమ్మ పద్దెనిమిదేళ్ల కిందటే రమ్మంది. నడుపు."

*

కాఫీ చెట్ల మధ్య చిన్న పెంకుటిల్లు. వాస్వా తల్లి పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. కవలల్ని కన్నది కాబట్టి ఊరంతా ఆమెని నాలొంగో అనే పిలుస్తుంది. బాబిర్యే తడి వసారాలో మోకాళ్ల మీద కూర్చుని పలకరించింది. నాలొంగో బురద అంటిన ఆ మోకాళ్లని చూసింది, తరవాత కొడుకుని చూసింది, లోపలికి వెళ్లి చిన్న బుట్టలో ఉడికించి ఎండబెట్టిన కాఫీ గింజలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. బాబిర్యే ఒకటి తీసుకుని నమిలింది. వాస్వా కూడా నమిలాడు. అవి తినొచ్చని అతనికి ఎలా తెలుసోనని ఆమెకి ఒక్క క్షణం కోపం వచ్చింది.

"వేళకి వచ్చారు," అంది నాలొంగో. "పొద్దున్న వానకి దొడ్లో చీమల పుట్ట మీద పుట్టగొడుగులు లేచాయి."

బాబిర్యే గొంతులో కాఫీ గింజ అడ్డం పడింది.

చాప మీద అరిటాకులు పరిచి, మటోకే ముద్ద పెట్టి, పులుసు వడ్డించటానికి గరిటె ముంచింది నాలొంగో. బాబిర్యే తన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మన్నించండి నాలొంగో. మాది ఇదే."

"అలాగా. మరేం పరవాలేదు, తోటకూర ఉంది," అని ఆమె గరిటె కొడుకు వైపు తిప్పింది.

వాస్వా ఆకు జరుపుకున్నాడు. "కడుపు బాగాలేదమ్మా."

గరిటె గాలిలో ఆగింది. నాలొంగో ముఖం కోపంతో బిగుసుకోలేదు. ఊరికే మూసుకుపోయింది, చాలాసార్లు మూసి అలవాటైన తలుపులా.

"చూశావా అమ్మాయ్," అంది బాబిర్యేతో, కొడుకు అక్కడ లేనట్టు. "ప్రతి ఏడూ వానలకి పుట్ట చుట్టూ వంగి ఏరి వండుతాను. ప్రతి ఏడూ కడుపు. చేప వండితే గొంతు. మాంసం వండితే పన్ను. తండ్రిని గురించి చెప్పలేదని నా వంట మీద కక్ష కట్టాడు. ఇంటికొచ్చి మటోకే ముద్ద మింగి పోతాడు. నేను మాత్రం ఏమనగలను?"

"కక్షా?" అన్నాడు వాస్వా. "నాది ఏ గోత్రమో తెలియక..."

"తెలియక?"

"ఏది తినకూడదో తెలియక అన్నీ మానేశానమ్మా."

నాలొంగో గరిటె కుండలో వదిలేసింది. చాలాసేపు కొడుకుని అలా చూసింది. బాబిర్యేకి ఆ చూపు బాగా పరిచయం. పొద్దున్న పూటకూటి ఇంట్లో తను చూసిన చూపే.

"ఓరి నా బడుద్ధాయీ," అంది ఆఖరికి. "నీకు తినకూడనిది నేను ఈ ఇంట్లో వండుతానా? నా కోపం మీ నాన్న మీద. నీ నియమం మీద కాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా నీ కోసం దాన్ని ఈ గడప దాటనివ్వలేదు. నా పొయ్యి మీద ఉడికిందంటే నువ్వు తినొచ్చనే కదా."

వసారా చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. బాబిర్యే కుండలోకి చూసింది. పుట్టగొడుగులు. ఆ పొయ్యి మీద ఉడికినవే.

"అయితే మీ అబ్బాయి గోత్రం ఏమిటి నాలొంగో?" అంది.

"వాళ్ల పేరు పలకనని ఒట్టు పెట్టుకున్నాను. పలకను. ఈ ఇంట్లో ఎప్పుడూ ఏది వండలేదో వాణ్నే ఆలోచించుకోమను."

వాస్వా వేళ్లు మడవటం మొదలుపెట్టాడు. "చేప వండావు. గొర్రె వండావు. కంద, అలసందలు..."

"త్వరగా," అంది బాబిర్యే. "మా అత్త తొక్కలు తీయిస్తోంది."

"నవంబరులో..." అని ఆగాడు. "నవంబరులో ఊరంతా వేయించుకునేవాళ్లు. మన ఇంట్లో మాత్రం లేదు. రెక్కలు తుంపటం నీకు చిరాకనుకున్నాను."

"నాకేం చిరాకు? మాది కోతి గోత్రం. మా పుట్టింట్లో బుట్టలకి బుట్టలు తుంపాను," అంది నాలొంగో. ఆ తరవాత ముఖం పక్కకి తిప్పుకుని కొంగుతో కుండ అంచు తుడిచింది, అక్కడ ఏ మరకా లేకపోయినా.

వాస్వా ఆకు ముందుకు జరుపుకున్నాడు. తల్లి వడ్డించింది. మొదటి పుట్టగొడుగు నోట్లో పెట్టుకునేముందు అతను బాబిర్యే వైపు చూశాడు. ఆమె అతని భుజం మీంచి మైకు లాక్కుంది, హెడ్‌ఫోన్స్ తన చెవులకి తగిలించుకుంది, మీట నొక్కింది. మెత్తగా, కాస్త కిర్రుమంటూ, వెచ్చగా ఉంది ఆ చప్పుడు. పుట్టగొడుగుని ఆమె జీవితంలో అంత దగ్గరగా ఎరగదు.

"ఎలా ఉంది?" అంది మైకులో.

అతను తల ఊపాడు. నోరు నిండుగా ఉంది. కళ్లద్దాలు మళ్లీ ఆవిరి పట్టాయి. ఈసారి పులుసు అంత వేడిగా లేదు.

అప్పుడు ఆమెకి సంచిలో పొట్లం గుర్తొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ గడప దాటనిది తన భుజానికి వేలాడి దాటేసింది. మెల్లిగా లేచి కాఫీ చెట్లు దాటి రోడ్డు మీదికి వెళ్లి, నీళ్ల బిందెతో పోతున్న ఒకామె చేతిలో ఆ పొట్లం పెట్టేసింది. నూతి దగ్గర చేతులు కడుక్కుని తిరిగి వచ్చింది. ఎక్కడికి వెళ్లావని ఎవరూ అడగలేదు. కిటికీలోంచి వాస్వా చూశాడు.

మేనత్తకి ఫోను చేసింది.

"మిడత," అంది.

"తల్లిది?"

"కోతి."

మేనత్త మనసులో రెండు వైపుల నాలుగు తరాలూ తిరిగి వచ్చింది. "అడ్డేం లేదు," అంది. "కానీ పిచ్చిదానా, అన్ని గోత్రాలుండగా మిడతే దొరికిందా? వాడు తినడు, నీకు గోమెసి రాదు."

"తెలుసు సెంగా."

"తెలిసే చేసుకుంటున్నావంటే ఇంజినీరుని వద్దనేస్తాను."

*

తిరుగు దారిలో బాబిర్యేకి కొత్త విసుగు మొదలైంది.

వాస్వా ప్రతి బడ్డీ దగ్గరా కారు ఆపాడు. చేప తిన్నాడు, ముల్లు గుచ్చుకుంటే ఆనందంగా చూపించాడు. ఇనప ఊచకి గుచ్చి కాల్చిన మాంసం తిన్నాడు. అలసందలు తిన్నాడు, దురదా ఉబ్బరమూ రెండూ రాలేదని ప్రకటించాడు. లుకాయాలో పొద్దుటి వంటావిడ దగ్గరికి పోయి రెండు మూటలు పుట్టగొడుగులు కట్టించుకున్నాడు. "కడుపు కుదిరిందా సెబో?" అని ఆవిడ అంటే, "పద్దెనిమిదేళ్లకి కుదిరింది న్యాబో," అన్నాడు. ఆవిడ డబ్బులు తీసుకునేముందు అతన్ని అనుమానంగా ఎగాదిగా చూసింది.

కారులో ఒంటరిగా కూర్చుని బాబిర్యే హారన్ కొట్టింది. అరగంట దారికి గంటన్నర పట్టింది. ఇలాంటివాణ్ని జన్మంతా దారిలో ఆగి ఎక్కించుకోవాలి కాబోలు అనుకుంది. ఆ 'జన్మంతా' అన్న మాట మనసులో అంత మామూలుగా ఎలా వచ్చి కూర్చుందో చూసి ఉలిక్కిపడింది.

బజారు చివర కారు మళ్లీ ఆగింది.

"ఇంకా ఏం తింటావు?" అని కిటికీలోంచి అరిచింది. అతను వినిపించుకోకుండా ఒక కొట్లోకి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చి కాగితంలో చుట్టిన మెత్తటి మూట ఆమె ఒళ్లో పెట్టాడు. విప్పితే గోమెసి, నడుముకి కట్టే పట్టీతో సహా.

"నేను మిడతలు తేలేదు, నువ్వు తినలేదు. ఇది దేనికి?"

"నువ్వు కాఫీ చెట్లు దాటి రోడ్డు మీదికి వెళ్లావు కదా," అన్నాడు వాస్వా. "దానికి."

ఆమె ఆ బట్టని దగ్గరగా పట్టుకుని చూసింది. కళ్లలో గుచ్చుకునేంత ఆకుపచ్చ, సరిగ్గా మిడతల బేసిన్లలో చూసిన రంగు.

"కొనేముందు రంగు అడగాలని ఎవరూ చెప్పలేదా నీకు?"

"మారుస్తాను, ఇటివ్వు."

ఆమె ఇవ్వలేదు. మూటని ఒళ్లో గట్టిగా అదుముకుని కిటికీ అద్దం ఎక్కించింది.

"నడుపు," అంది. "ఇంక ఎక్కడా ఆపకు."

పది నిమిషాల తరవాత, కాల్చిన మొక్కజొన్నల దగ్గర, అతను ఆపాడు.